రోగము రాకముందే లెక్క

2020వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీ సాయంకాలము ఏలూరు పట్టణమునందు వన్‌టౌన్ వీథులలో మనుష్యులు ఉన్నవారున్నట్లే నేలకొరగ మొదలిడిరి. పసిపిల్లలు మొదలు వృద్ధులవరకు, స్త్రీపురుష భేదము లేక, ఆ పోటునకు లోనైరి. నోట నురుగు వచ్చుట, కాలుసేతులు కొట్టుకొనుట, కొన్ని నిమిషములు తెలివి లేకుండుట, తేరుకొన్న పిమ్మట తలనొప్పి, వాంతులు, మతిమరుపు, కారణము తెలియని భయము: ఇవి దాని లక్షణములు. జిల్లా ఆసుపత్రి మంచములు నిండిపోయెను. పరిస్థితి విషమించినవారిని విజయవాడకును గుంటూరునకును తరలించిరి. వారము పదిదినములలో రోగుల సంఖ్య ఆరువందలు దాటెను. ఒక మరణము ఆదిలోనే నమోదయ్యెను. అత్యధికులు కొలది గంటలలోనో ఒకటిరెండు దినములలోనో తేరుకొని యిండ్లకు మరలిరి. వచ్చినంత వేగముగానే ఆ యుపద్రవము తొలగిపోయెను. కాని అది యేల వచ్చెను, ఏ దారిని వచ్చెను, మరల రాదనుటకు ఆధారమేమి అను ప్రశ్నలు మాత్రము ఆసుపత్రి వాకిటనే నిలిచిపోయినవి.

ఆ ప్రశ్నలను గూర్చియే నేడు మేము పాఠకులతో ముచ్చటింప దలచితిమి. ఏలూరు మనకు పొరుగూరు. ప్రకాశము బ్యారేజీ కడ కృష్ణనుండి బయలుదేరిన ఏలూరు కాల్వ బెజవాడ నడుమగా సాగి ఏలూరు చేరి, అచ్చట గోదావరి కాల్వతో కలియును. మనము వాడి విడిచిన నీరు క్రిందివారికి త్రాగునీరగుచున్నది. మన కూరలును, మన ధాన్యమును, మన పనిముట్లును ఆ దారినే పోవుచు వచ్చుచునున్నవి. కావున ఏలూరిలో బిడ్డ మూర్ఛపోయినపుడు బెజవాడ పౌరుడు అది పరాయిసంగతి యని యూరకుండుటకు వీలులేదు.

విచారణ జరుగలేదని మేము చెప్పము. మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులును, పూనా వైరాలజీ సంస్థవారును, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారును, సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులును, నాగపురపు నీరీ సంస్థవారును, ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రతినిధులును ఆ పట్టణముపై దృష్టి నిలిపిరి. రక్తము, వెన్నెముక నీరు, త్రాగునీరు, పాలు, అన్నము, కూరగాయలు పరీక్షకు పోయెను. మెదడు చిత్రములు తీసిచూడగా అందు దోషము కనబడలేదు. కరోనా కాదని తేలెను. ఇతర వైరస్సుల జాడ దొరకలేదు. ఒక ఇంట ఒకరు పడిపోగా తక్కినవారు కుశలముగా నుండుటచే, అది యొకరినుండి యొకరికి అంటునది కాదని ఊహించిరి. పురపాలక సంఘపు నీరు త్రాగనివారును పడిపోవుటచే, దోషమంతయు కుళాయిమీద మోపుటయు సాధ్యము కాలేదు.

తరువాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలో కొందరు రోగుల రక్తమునందు సీసమును నికెలును కనబడెను. డిసెంబరు నడిమికి, పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమై యుండవచ్చునని నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. అవి మనుష్యుల దేహమున ఎట్లు చేరినవో కనుగొనుటకు దీర్ఘకాలిక పరిశోధన అవసరమని నాడే చెప్పబడెను. ఇంతవరకు మేలే. కాని పాఠకులారా! ఒక్క క్షణము ఆలోచింపుడు. రోగి రక్తమున సీసము కనబడినదన్న మాట వినినంతనే మనము "అదిగో దొంగ!" యని కేకవేసితిమి. పడిపోయిన బిడ్డ రక్తమున సీస మెంత యని అడిగితిమే కాని, ప్రక్కయింట ఆడుకొనుచున్న బిడ్డ రక్తమున సీస మెంత యని మనలో ఎందరడిగిరి? ఆ బిడ్డ రక్తముననే గత సంవత్సరము సీస మెంతయో చెప్పగల చిట్టా ఎచ్చటనైన కలదా?

మా వ్యాసమునకు మూలము ఈ ప్రశ్నయే. ఊరియందందరి రక్తమునను సీసము సమానముగా నున్నచో, ఆనాటి మూర్ఛకు సీసమే కారణమని చెప్పుటకు వీలులేదు. ఆ సీసము వేరొక పెద్ద దౌర్భాగ్యమునకు సాక్ష్యమగును. పడిపోయినవారి రక్తమున మాత్రమే అధికమైనచో, అది దొంగ యింటికి దారిచూపు అడుగుజాడ యగును. ఈ రెంటిలో ఏది నిజమో చెప్పుటకు రోగము వచ్చినపుడు చేసిన పరీక్ష యొక్కటియే చాలదు. రోగము రాకముందు తీసియుంచిన కొలత కావలెను. అట్టి నిత్యపు కొలత మన పట్టణముల బిడ్డలకు లేదు.

ఆంగ్లేయులు ఎపిడెమియాలజీ యనియు, మనవారు వ్యాధివ్యాప్తి శాస్త్రమనియు పిలుచు విద్య పేరు పెద్దది గాని దాని పునాదులు ఇల్లాలి లెక్కవంటివి. ఎవరికి వచ్చినది? ఎక్కడ వచ్చినది? ఎప్పుడు వచ్చినది? ఈ మూడు ప్రశ్నలును ఎల్లరకు తోచును. నాల్గవది తోచుటయే కష్టము: ఎవరికి రాలేదు? ఏల రాలేదు? 1854వ సంవత్సరమున లండను నగరమున సోహో ప్రాంతమందు కలరా చెలరేగినపుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లను పటముపై గుర్తించి, అవి బ్రాడ్ వీథి పంపు చుట్టును గుమికూడుటను చూపెను. కాని ఆ పంపు ప్రక్కనే యున్న బీరు బట్టీలోని పనివారు ఏల బ్రదికిరి? వారు ఆ పంపునీరు త్రాగుటలేదు కనుక. బ్రదికినవారి సాక్ష్యమే వాదమును నిలిపెను. కలరా క్రిమిని కాక్ పండితుడు నిరూపించుట అటుపిమ్మట దాదాపు ముప్పదియేండ్లకు. క్రిమి పేరు తెలియకయే పంపు పిడిని తీసివేయింపగలిగినది ఆ లెక్క.

అది దూరదేశపు పాతకథ యందురేని, మన దేశముననే యిటీవల జరిగినదానిని చూడుడు. బీహారు రాష్ట్రమున ముజఫర్‌పూరు ప్రాంతము లీచీపండ్లకు ప్రసిద్ధి. అచ్చట ప్రతియేట మే, జూను నెలలలో పిల్లలు రాత్రి నిశ్చింతగా నిద్రించి, వేకువజామున కేకవేసి మూర్ఛలోబడి మరణించుచుండిరి. ఎండదెబ్బ యని కొందరును, వైరస్సు అని కొందరును, పురుగుమందు అని కొందరును అనుచుండిరి. 2014లో మే 26 మొదలు జూలై 17 వరకు రెండు ఆసుపత్రులలో 390 మంది పిల్లలు చేరగా 122 మంది మరణించిరి. ఆ యేట మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమువారును అమెరికా నిపుణులును కలిసి, జబ్బుపడిన 104 మంది పిల్లలకు ఎదుట, వయసున సరిపోవు జబ్బులేని 104 మంది పిల్లలను నిలిపి, ఇరువురి తల్లులను ఒకే ప్రశ్నలడిగిరి. బిడ్డ నిన్న యేమి తినెను? లీచీతోటకు పోయెనా? రాత్రి అన్నము తినెనా?

జబ్బుపడిన పిల్లలలో ముందటి దినమున లీచీలు తినినవారు అధికము. రాత్రి భోజనము మానినవారు అధికము. ఆ పండునందలి సహజవిషము, పస్తున్న చిన్న దేహములో చక్కెర పుట్టకుండ నడ్డుపడి రక్తమున చక్కెరను పడగొట్టుచున్నదని ప్రయోగశాలలు నిర్ధారించినవి. అంత సలహా యేమి? బిడ్డకు రాత్రి అన్నము పెట్టుడు; లీచీలు తగ్గింపుడు; మూర్ఛ వచ్చినంతనే చక్కెర యెక్కింపుడు. ఇంత ఘోరమునకు ఇంత సులభమైన మందా యని ఆశ్చర్యపడుదుము. కాని ఆ సలహా పుట్టినది పండితుని స్ఫురణవలన గాదు. జబ్బులేని బిడ్డ తల్లిని కూడ అడుగవలెనను వివేకమువలన. ఆ తోటలలో తోటివారును తిరిగిరి. అన్నము తినినవారిలో పెక్కురు బ్రదికిరి. పేదరికమే సగము విషమని ఆ లెక్క చాటినది. 2019లో అచ్చట మరల శతాధికముగా పిల్లలు మరణించుట చూడగా, తెలిసిన సత్యమును గుడిసె వాకిటివరకు మోయువారు లేనిచో తెలిసియు ఫలము లేదని తేటపడుచున్నది.

ఇక మన తెలుగునాటి గాయము. 2003వ సంవత్సరము జూను మొదలు ఆగస్టు వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 329 మంది పిల్లలకు జ్వరము, వాంతులు, మూర్ఛ వచ్చి, వారిలో 183 మంది మరణించిరి. పసికందులు మొదలు పెద్ద పిల్లలవరకు అందు కలరు. కరీంనగరము, వరంగల్లు ప్రాంతములు మిక్కిలి దెబ్బతినెను. ఉదయము ఆడుకొనిన బిడ్డ మరునాటికి లేడు. ఆసుపత్రి చేరిన యిరువదినాలుగు గంటలలోగానే పెక్కురు కన్నుమూసిరి. మనము దానిని మెదడువాపు అంటిమి. ఆ పేరు వ్యాధి లక్షణమును చెప్పును గాని కారణమును చెప్పదు. ఇల్లు కాలుచున్నదనుట యెట్టిదో మెదడు వాచినదనుటయు అట్టిదే. నిప్పు ఎవరు పెట్టిరో అది చెప్పునా?

పూనా వైరాలజీ సంస్థవారు పరీక్షించి, జపాను మెదడువాపు మొదలగు తెలిసిన కారణములను ఒక్కొక్కటిగా త్రోసివేసి, రోగులనుండి చండీపుర వైరస్సును పట్టుకొనిరి. ఈ చండీపురము ఎక్కడిది? నాగపురము దగ్గరి యొక పల్లె. 1965వ సంవత్సరమున అచ్చట జ్వరములు ప్రబలినపుడు ఇద్దరు రోగుల రక్తమునుండి ఈ వైరస్సును వేరుపరచి, పల్లె పేరే దానికి పెట్టిరి. నాడు అది యేమంత హాని చేయునదిగా కనబడలేదు. ముప్పదియెనిమిది సంవత్సరములు అది సంస్థ అలమారలో నొక పేరుగా మాత్రమే యుండెను. అట్లు భద్రపరుపబడియున్నందుననే 2003లో బిడ్డల దేహమున దొరికినదానిని దానితో పోల్చి గుర్తింపగలిగిరి. ఎవరికిని పని లేదని తోచిన నాటి లెక్క, మన బిడ్డల ప్రాణముల వేళకు పనికివచ్చినది.

ఆ నిర్ణయమును గూర్చి నాడును వివాదముండెను. ఇది మెదడు రక్తనాళములకు తగిలిన దెబ్బ యని వాదించిన తెలుగు వైద్యులు లేకపోలేదు. వాదము శాస్త్రమునకు అవమానము కాదు, ఊపిరి. కాని వాదము తీరుటకు కూడ భద్రపరచిన నమూనాలును, తేదీలు గల చిట్టాలును, మరణించినవారి వివరములును కావలెను. అవి లేనిచోట వాదము పంతమగును.

చండీపుర వైరస్సును వ్యాపింపజేయునది ఇసుక ఈగ. అది దోమకంటె చిన్నది. మట్టిగోడల పగుళ్లలోను, పశువుల పాకల చెంతను దాగును. దానికి టీకా నేటికిని లేదు; ప్రత్యేకమైన మందును లేదు. గోడ పగుళ్లు పూడ్చుట, మందు చల్లుట, దోమతెర వాడుట, జ్వరము వచ్చిన బిడ్డను ఆలస్యము లేక ఆసుపత్రి చేర్చుట: ఇవియే రక్షలు. అది గతించిన కథ యని నిద్రింప వీలులేదు. 2024 జూను, ఆగస్టుల నడుమ మెదడువాపు లక్షణములతో ముఖ్యముగా గుజరాతునందు 245 మంది రోగులు లెక్కకు రాగా 82 మంది మరణించిరి. వారిలో 64 మందికి చండీపుర యని నిర్ధారణయయ్యెను. ఇరువదియేండ్లలో నింత పెద్దది రాలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. మిగిలినవారి వ్యాధి చండీపుర యని తేలలేదన్న మాటను కూడ పాఠకులు గమనింతురు గాక!

రోగము నెమ్మదిగా వచ్చినచోట మనము మరింత నిర్లక్ష్యులము. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో పిల్లల పండ్లు మచ్చలు పడుటయు, పెద్దల నడుములు వంగి బిగిసిపోవుటయు జనులు కర్మమని యూరకుండిరి. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు దానికి కారణము బావినీటి ఫ్లోరైడు అని ప్రకటించిరి. మన దేశమున ఆ వ్యాధి మనుష్యులలో గుర్తింపబడుట అదియే మొదలు. అంతకు రెండుమూడేండ్ల ముందే పశువులలో అట్టి వ్యాధిని పశువైద్యులు గమనించిరి. అనగా మూగజీవముల రోగమును లెక్కలో వ్రాసినవారు మనుష్యుల రోగమునకు తలుపు తీసిరన్నమాట. దర్శి, పొదిలి ప్రాంతముల గతియే నల్లగొండకును పట్టినది. బిడ్డ పలువరుస చూచి ఆ యూరి బావి గుణము చెప్పవచ్చును. పేరు తెలిసినది, కారణము తెలిసినది, కాని మంచినీరు చేరుటకు తరములు పట్టినది.

కారణము తెలిసికూడ ఒప్పుకొననివారు చేయు హాని మరియొకటి. జపానునందు మినమాటా అను రేవుపట్టణమున 1956లో మొదటగా ఆసుపత్రి దృష్టికి వచ్చిన రోగి అయిదేండ్ల బాలిక. అంతకుముందే ఆ యూరి పిల్లులు చిందులాడి చచ్చుచుండెను. రసాయన కర్మాగారము సముద్రమున విడిచిన పాదరసము చేపలలో చేరి, చేపలు తినినవారి మెదళ్లను చెఱచెనని 1959 నాటికే విశ్వవిద్యాలయపు వైద్యులు వ్రేలుపెట్టి చూపిరి. ప్రభుత్వము దానిని ఒప్పుకొనినది 1968లో. ఆ తొమ్మిది సంవత్సరములలో పుట్టిన బిడ్డల ఋణము ఎవరు తీర్తురు?

ఈ ప్రశ్నతో మేము మన బెజవాడ ఆటోనగరమునకు మరలుచున్నాము. అర్ధశతాబ్దికి పైబడి లారీలకును బస్సులకును ప్రాణము పోయుచున్న ఆ పేట మన పట్టణమునకు కీర్తి తెచ్చినది. చదువు లేని బాలుడు పానా పట్టి మేస్త్రీయై కుటుంబము నిలిపిన కథలు అచ్చట వీథికొకటి యున్నవి. ఆ శ్రమకు మేము నమస్కరించుచున్నాము. ఏలూరి మూర్ఛలకు ఆటోనగరము కారణమని చెప్పుట మా యుద్దేశము కాదు. అట్లు చెప్పుటకు ఆధారమును లేదు. మేము చెప్పునది వేరు. బ్యాటరీలు విప్పుచోట సీసముండును. పాత రంగులు గీకుచోట సీసముండవచ్చును. అతుకులు వేయుచోట పొగ యుండును. ఆ ధూళి పనివాని చొక్కాతో ఇల్లుచేరి, ఆ చొక్కాను కౌగలించుకొను బిడ్డకు చేరును. తిన్న సీసములో పెద్దవారి దేహము గ్రహించుదానికి నాలుగైదు రెట్లు పసిదేహము గ్రహించునని వైద్యులు చెప్పుచున్నారు.

ఇంతపాటి సీసము హాని చేయదని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. మిక్కిలి యెక్కువైనపుడు గాని మూర్ఛ రాదు. తక్కువగా నున్నపుడు బిడ్డ చదువున వెనుకబడును, చికాకుపడును, పాలిపోవును. తండ్రి వానిని మొద్దు అని కొట్టును. ఉపాధ్యాయుడు సోమరి యని తిట్టును. ప్రపంచమున ప్రతి ముగ్గురు బిడ్డలలో నొకరి రక్తమున సీసము విచారింపదగిన మట్టమున నున్నదని 2020లో యునిసెఫ్ నివేదిక తెలిపినది. ఆ సంఖ్య దాదాపు 80 కోట్లు. అందు మన దేశపు బిడ్డల భాగమే పెద్దది. 2000వ సంవత్సరమున మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలుపుట గొప్ప మేలు. కాని బ్యాటరీ సీసము మిగిలియున్నది. ఏలూరిలో వలె మూర్ఛలు వచ్చి ఊరు లేచినపుడు మాత్రమే సీసమును వెదకుట చాలదు. చప్పుడు లేని హానికి కూడ లెక్క కావలెను.

ఇట్టి కొలతలు తీసిన జనులు భయపడుదురనియు, వృత్తులు దెబ్బతినుననియు కొందరు పెద్దలు చెప్పుదురు. మేము దానికి ఎదురు చెప్పుచున్నాము. ఏలూరిలో జనులను భయపెట్టినది లెక్కయా? లెక్క లేమియా? మొదటి దినములలో బ్లీచింగు పొడి యని యొకరు, నీరని యొకరు, గాలియని యొకరు, కరోనా యని యొకరు అనుచుండగా తల్లులు ఏ కూర వండవలెనో ఏ నీరు త్రాగవలెనో తెలియక తల్లడిల్లిరి. శూన్యమున వదంతి పుట్టును. చేతిలో చిట్టా యున్న అధికారి యొక్కమాటతో ఊరిని నిలుపగలడు. వృత్తుల సంగతి యందురా, కొలత తప్పులేనివానిని కాపాడును. అనుమానమే అందరిని కలిపి కొట్టును.

ఈ సందర్భమున మా వృత్తివారి దోషమును దాచుట న్యాయము కాదు. వింతవ్యాధి యను మాట పత్రికలకు పండుగ. పడిపోయినవారి సంఖ్యను మనము పెద్దయక్షరములలో వేసితిమి. రోగులు ఇండ్లకు చేరినపిదప, దీర్ఘకాలిక పరిశోధన యేమైనదని నెలనెలకు అడిగిన పత్రికలెన్ని? ఏలూరి ప్రశ్న చల్లారుటలో ప్రభుత్వమునకు భాగమున్నచో పత్రికలకును, పత్రికలు చదువు మనకును భాగము కలదు.

కావున మేము కోరునది కొత్త భవనములు కాదు, శంకుస్థాపనలు కాదు. మొదటిది: కృష్ణా, గోదావరి మండలములలోని పట్టణములందు ప్రతి సంవత్సరము కొలదిమంది బిడ్డల రక్తము, వారు త్రాగు నీరు, తిను కూరగాయలు ఒకే పద్ధతిని పరీక్షించి, సీసము, పురుగుమందులు మొదలగువాని మట్టము వ్రాసియుంచవలెను. అందు ఆటోనగరము వంటి పనిపేటల బిడ్డలును, పొలముగట్టు బిడ్డలును, ఈ రెంటికి దూరమైన బిడ్డలును ఉండవలెను. ముగ్గురిని పోల్చినగాని ఒక్కరి సంగతి తెలియదు. రెండవది: కారణము తెలియని మూర్ఛ గాని జ్వరము గాని వచ్చి బిడ్డ మరణించినచో, మెదడువాపు అని వ్రాసి పుస్తకము మూయక, తెలియదు అని వ్రాయు ధైర్యము కావలెను; నమూనా భద్రపరుపవలెను. నేడు తెలియనిది రేపటివారికి తెలియవచ్చును. చండీపురము నేర్పిన పాఠ మిదియే.

మూడవది: విచారణ చేసిన సంస్థల నివేదికలను ఒకచోట చేర్చి, సామాన్యుడు చదువదగిన తెలుగులో పురపాలక సంఘ కార్యాలయమునను, గ్రంథాలయములందును ఉంచవలెను. ఏమి కనుగొంటిమో, ఏమి కనుగొనలేకపోతిమో రెండును అందుండవలెను. నాల్గవది: ఇల్లిల్లు తిరిగి లెక్క వ్రాయువారు ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సహాయకురాండ్రు, అంగన్‌వాడీ అమ్మలు. పెద్ద ప్రయోగశాల వెలయిచ్చు జవాబు వారి పెన్సిలు గీతపై ఆధారపడియున్నది. 2004లో ఆరంభమైన వ్యాధుల నిఘా పథకమునకు కాళ్లును కన్నులును వారే. వారి జీతము, వారి శిక్షణ, వారి మాటకు గౌరవము, ఇవి వ్యాధివ్యాప్తి శాస్త్రములో భాగములని పాలకులు గ్రహింపవలెను.

పౌరులకును విధి కలదు. ఇంటికి వచ్చి, నిన్న బిడ్డ యేమి తినెనమ్మా, ఎచ్చట ఆడెనమ్మా, ఏ నీరు త్రాగెనమ్మా యని అడుగువారిని విసుగుకొనకుడు. మీ బిడ్డకు జబ్బు లేదు గదా, మా యింటికేల వచ్చితిరని తలుపు వేయకుడు. మీ బిడ్డ ఆరోగ్యమే ప్రక్కయింటి బిడ్డ వ్యాధికి తాళపుచెవి కావచ్చును. పనిపేటలోని తండ్రులు పనిబట్టలు ఇంటి వెలుపలనే విడిచి, చేతులు కడిగి, పిదప బిడ్డ నెత్తుకొనుట నేడే మొదలిడవచ్చును. పొలముననుండి వచ్చువారు మందు కొట్టిన డబ్బాలను నీళ్లకు పాలకు వాడకుండుట నేడే మొదలిడవచ్చును. వీనికి ఏ నివేదికయు రానవసరము లేదు. పఠనాలయములలో ఈ పత్రిక చదువు పెద్దలు తమ వార్డు సభలో ఒక్క ప్రశ్న వేయుదురు గాక: మన వీథి బిడ్డల లెక్క యెక్కడ నున్నది?

2003లో మరణించిన 183 మంది బిడ్డలు నేడు జీవించియున్నచో యువకులై, తామే తల్లిదండ్రులై యుందురు. వారి వ్యాధికి పేరు దొరుకుటకు నాగపురము దగ్గర నొక పల్లెలో ముప్పదియెనిమిదేండ్ల క్రిందట ఎవరో శ్రద్ధతో తీసియుంచిన రెండుచుక్కల రక్తము కారణమాయెను. రాబోవు తరమున మన మండలపు బిడ్డకు ఏ పేరులేని రోగము వచ్చునో మనమెరుగము. ఆనాడు వైద్యుడు తెరచి చూచుటకు మనము వ్రాసియుంచిన పుట యొకటి యుండునా, తెల్లకాగితమే యుండునా యన్నది మాత్రము నేటి మన పనిని బట్టి యుండును.